తగ్గిన తరువాత

చెన్నై మైలాపూర్ నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడవడం మొదలుపెట్టినప్పుడు నా బరువు 94 కిలోలు. పదహారు నెలలకు 63కు వచ్చింది. ఎలా తగ్గానని చాలామంది అడిగారు, చెప్పాను. తగ్గాక ఏమైందని ఎవరూ అడగలేదు. అది రాస్తున్నాను.

సంతోషం మొదట మోకాళ్లకు తెలిసింది. తిరుమయిలై స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కిన రోజు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వారమే జాకెట్లన్నీ మూటగట్టి మందవెళిలో మా దర్జీకి ఇచ్చాను. లోపల గుడ్డ ఉంచమంటారా అని ఆయన అడిగితే, అంతా కత్తిరించేయమన్నాను. మళ్లీ వెనక్కి వెళ్లే దారే ఉండకూడదనుకున్నాను.

కాని బస్సులో సగం సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లేదాన్ని. పక్కవాళ్లకు ఇరుకవుతుందన్న పాత బెరుకు పోలేదు. పాండీ బజారులో కుర్తీలు చూస్తుంటే చెయ్యి దానంతటదే పెద్ద సైజుల వైపు పోయేది. తూకంలో ఒళ్లు తగ్గింది, నా కంటికి తగ్గలేదు.

పైగా, బట్టల కింద ఉన్నది నేను ఊహించిన ఒళ్లు కాదు. ముప్ఫై ఒక్క కిలోలు పోయాయి గాని, వాటికోసం సాగిన చర్మం అక్కడే ఉండిపోయింది. చేతుల కింద వదులుగా, పొట్ట మీద మడతగా. ఏళ్ల తరబడి సాగి ఉంటే చర్మంలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయని, క్రీములతో అవి బాగుపడవని చర్మవైద్యురాలు చెప్పారు. చెన్నై ఉక్కకు ఆ మడతలో చెమట నిలిచి ఒరిసిపోయేది. జుట్టు కూడా గుప్పెళ్లతో రాలింది. త్వరగా బరువు తగ్గినవాళ్లకు రెండు మూడు నెలల తరువాత అలా రాలడం మామూలేనని, కొన్ని నెలల్లో ఆగుతుందని ఆవిడే ధైర్యం చెప్పారు. ఆగింది.

నెల్లూరులో పెళ్లికి వెళ్తే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "షుగరేమైనా వచ్చిందా అమ్మా, ముఖం పీక్కుపోయింది" అంది. అదే పందిట్లో పిన్ని, "ఇప్పుడు మనిషివయ్యావే" అంది మురిపెంగా. పెద్దమ్మ మాట ఆ పూటే మరిచిపోయాను. పిన్ని మాట తిరుగు ప్రయాణం పొడవునా గుచ్చుకుంది. అంతకుముందు నేనెవరిని? ఆ ఒంటితోనే బిడ్డను కన్నాను. ఆ చేతులతోనే మంచం పట్టిన నాన్నను లేపి కూర్చోబెట్టాను. ఆ మనిషిని అందరూ కలిసి చెరిపేస్తున్నారు, నేనూ చెరిపేస్తున్నాను అనిపించింది.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే కొలత, లెక్కవేస్తే 25.2. మన దేశంలో వైద్యులు వాడే కొలతల్లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఇంత తగ్గినా ఆ పట్టికలో నేను స్థూలకాయురాలినే. ఆ కాస్త తేడా కోసం రాత్రి భోజనం మానేశాను, రోజుకు మూడుసార్లు తూకం చూసుకున్నాను. ఒక ఉదయం నేను దిగగానే మా అమ్మాయి తూకం ఎక్కింది. పదమూడేళ్ల పిల్ల. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడింది.

ఆ మధ్యాహ్నమే 14416కు ఫోను చేశాను. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళనైనా చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడాను. తరువాత ఒక సైకాలజిస్టు దగ్గరకు నాలుగు నెలలు వెళ్లాను.

ఆమె చెప్పిన పని వినడానికి చిన్నది. అద్దం ముందు నిలబడి, కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. తిట్టు వద్దు, పొగడ్త వద్దు. మొదటిరోజు రెండు నిమిషాలు కూడా నిలవలేకపోయాను, నోటికి వచ్చినవన్నీ తిట్లే. మూడో వారానికి, "పొట్ట మీద తెల్లటి చారలు, ముట్టుకుంటే మెత్తగా" అనగలిగాను. అప్పుడు ఏడ్చాను. ఇరవై ఏళ్లలో నా పొట్ట గురించి నేను అన్న మొదటి మామూలు మాట అది.

వదులైన చర్మాన్ని తీసేసే శస్త్రచికిత్స గురించీ కనుక్కున్నాను. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలన్నారు. మచ్చ నడుము ఒక పక్క నుంచి మరో పక్క దాకా ఉంటుందట. చేయించుకునేవాళ్లను నేను తప్పుపట్టను. ఒరిసిపోయే బాధ ఎంతటిదో నాకు తెలుసు. ప్రస్తుతానికి నేను వద్దనుకున్నాను. తూకం అటక మీదకు చేరింది. అమ్మాయికి కారణం దాచకుండా చెప్పాను.

పోయిన నెల కొత్త పట్టుచీర జాకెట్టు కుట్టించడానికి మళ్లీ మందవెళి వెళ్లాను. ఇప్పుడు బరువు 66. కొలతలు తీసుకుని దర్జీ, "లోపల గుడ్డ మొత్తం తీసేయమంటారా అమ్మా, కిందటిసారిలా?" అని అడిగారు.

రెండు వేళ్ల వెడల్పు ఉంచమన్నాను.