ఎంటాంగిల్‌మెంట్ నిలవాలంటే మెమరీ ఎంతసేపు ఆగాలి?

దూరంగా ఉన్న రెండు చోట్ల మధ్య ఎంటాంగిల్‌మెంట్ (రెండు కణాల క్వాంటం స్థితులు ముడిపడటం) కుదరాలంటే ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, ఫైబర్‌లో పంపాలి. 1550 నానోమీటర్ల టెలికాం కాంతికి మంచి ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు దాదాపు 0.2 డెసిబెల్. 100 కిలోమీటర్లు పోయేసరికి నూటికి ఒక ఫోటాన్ మిగులుతుంది, 500 కిలోమీటర్లకైతే వెయ్యి కోట్లకు ఒకటి. మధ్యలో యాంప్లిఫయర్ పెడదామంటే, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే రుజువైంది. అందుకే దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో విడిగా ఎంటాంగిల్‌మెంట్ పుట్టించి, స్వాపింగ్‌తో, అంటే మధ్యనున్న రెండు కణాలను కలిపి కొలిచి బయటి చివరలను ముడివేసి, కలుపుతారు. 1998 నాటి క్వాంటం రిపీటర్ ప్రతిపాదన సారం ఇదే.

లెక్క వేసి చూడండి. 50 కిలోమీటర్ల ముక్కలో రెండు వైపుల నుంచీ ఫోటాన్లు మధ్యలో కలుస్తాయి. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, ఫోటాన్ వెళ్లి ‘కుదిరింది’ అన్న కబురు వెనక్కి రావడానికి 250 మైక్రోసెకన్లు. వెయ్యి ప్రయత్నాలకు ఒకటి ఫలిస్తే సగటున పావు సెకను. పక్క ముక్క కూడా సిద్ధమయ్యేదాకా ముందు కుదిరిన జంట మెమరీలో (క్వాంటం స్థితిని దాచే పరికరంలో) చెడకుండా ఉండాలి. మెమరీ ఆయుష్షు ఈ పావు సెకనుకు పది రెట్లయినా లేకపోతే ఆ ముక్కను నమ్ముకోలేం. యూరోపియం స్ఫటికంలో ఆరు గంటల కోహెరెన్స్ (క్వాంటం స్థితి చెదరకుండా నిలవడం) అన్న 2015 ఫలితం గొప్పదే కానీ, అది 2 కెల్విన్ చలిలో స్పిన్ (కణానికుండే ఒక క్వాంటం గుణం) నిలిచిన సమయం. ఎంటాంగిల్ అయిన ఫోటాన్‌ను దాచి తిరిగి ఇచ్చిన సమయం కాదు.

మెమరీగా వాడే, వజ్రంలోని ఎన్‌వీ సెంటర్‌తో (నైట్రోజన్ పరమాణువు, దాని పక్కనే ఒక ఖాళీ ఉన్న చోటు) ఇంకో తంటా. అది ఇచ్చే 637 నానోమీటర్ల కాంతికి ఫైబర్ నష్టం కిలోమీటరుకు 8 డెసిబెల్ దాకా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నుంచి హేగ్ దాకా 25 కిలోమీటర్ల ఫైబర్‌పై 2024లో వెలువడిన ప్రయోగంలో అందుకే ఫోటాన్‌ను టెలికాం తరంగదైర్ఘ్యానికి మార్చారు. ఇలా మార్చే పంప్ లేజర్ వల్ల పుట్టే దొంగ ఫోటాన్లను సన్నటి ఫిల్టర్లతో ఆపాలి. మధ్యలో ఒకే ఫోటాన్ దొరికినా చాలనే ‘ఒక్క ఫోటాన్ పద్ధతి’ వాడితే, ఎండకూ చలికీ పొడవు మారే ఫైబర్‌లో ఫేజ్‌ను (కాంతి తరంగపు దశను) నిరంతరం సరిచేస్తుండాలి కూడా.

స్వాపింగ్ ఉచితమేం కాదు. జంటలోని లోపమంతా యాదృచ్ఛికమే అనుకునే వెర్నర్ నమూనా ప్రకారం 0.95 ఫిడెలిటీ (ఆదర్శ జంటకు ఎంత దగ్గరో చెప్పే కొలత, 1 అంటే పరిపూర్ణం) ఉన్న రెండు జంటల్ని కలిపితే 0.90 వస్తుంది. ఎనిమిది కలిపితే 0.68, దానితో బెల్ అసమానత (ఎంటాంగిల్‌మెంట్ లేకుండా దాటలేని హద్దు) ఉల్లంఘన కూడా కనిపించదు. ప్యూరిఫికేషన్ (కొన్ని జంటల్ని ఖర్చు పెట్టి మెరుగైన జంటను పొందడం) చేయొచ్చు, కానీ 0.80 జంటలు రెండు ఖర్చు పెడితే దక్కేది 0.84 జంట ఒక్కటి, అదీ 77 శాతం సార్లే. విఫలమైతే రెండూ పోతాయి. పైగా కొలత ఫలితాలు అటూ ఇటూ చేరేదాకా మెమరీ మళ్లీ ఆగాలి.