ఓగం గీతలతో మిస్టరీ కథ రాయడం: నా అనుభవం

ఉద్యోగం మీద ఐర్లాండ్‌లోని కార్క్ వచ్చేనాటికి ఆ దేశపు పురాణాల గురించి నాకు తెలిసింది సున్నా. అలాంటివాణ్ణి, ఈ ఊళ్లోనే జరిగే మాయల మిస్టరీ ఒకటి తెలుగులో రాస్తానని ఒక పత్రిక సంపాదకుడికి మాటిచ్చేశాను. ఇప్పటి నగరమే: బస్సులు, అద్దె ఇళ్లు, విడవని వాన. ఒక ఇల్లాలు కనపడకుండా పోతుంది. గుమ్మం పక్కన గీతలు చెక్కిన బర్చ్ చెట్టు కర్ర దొరుకుతుంది. ఆ గీతల్లో ఏముంది?

గీతలంటే ఓగం, ఐర్లాండ్ పాతకాలపు లిపి. సుమారు 4 నుంచి 7వ శతాబ్దం దాకా రాళ్ల మీద చెక్కేవారు. 400 దాకా రాళ్లు మిగిలాయి, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ కౌంటీల్లోనే ఎక్కువ. నెట్‌లో వెతికితే ముందు తగిలేది మాత్రం చెట్ల జాతకాలు: ఫలానా నెలలో పుడితే మీది ఫలానా చెట్టు అని. ఆ చెట్ల క్యాలెండర్ 20వ శతాబ్దంలో ఒక ఆంగ్ల కవి ఊహించింది. దాని జోలికి పోలేదు.

చదవడం నేర్చుకుంది యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌లోని స్టోన్ కారిడార్‌లో. నడవా పొడవునా 28 రాళ్లు నిలబెట్టి ఉంటాయి. ఓగంలో రాయి అంచే ఆధార రేఖ. అంచుకు కుడివైపు ఒకటి నుంచి ఐదు గీతలు గీస్తే బ, ల, వ, స, న. అవే ఎడమవైపు ఉంటే హ, ద, త, క, క్వ. అంచును ఏటవాలుగా దాటే గీతలు ఇంకో ఐదు అక్షరాలు, అంచు మీది గంట్లు అచ్చులు. కింది నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. గీతలు బాగా అరిగిపోయిన చోట ఎదురుగా వెలుతురు వేస్తే ఏమీ కనపడదు, ఫోన్ టార్చిని రాయి పక్కకు దాదాపు ఆనించి వేస్తే నీడలు లేచి గీత తేలుతుంది. ఇంటికొచ్చాక డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు పెట్టిన త్రీడీ నమూనాలను తిప్పి తిప్పి చూసేవాణ్ణి. రాళ్ల మీద ఉన్నవి చాలావరకు పేర్లే: ఫలానావాడు, ఫలానావాడి కొడుకు.

ఇది చెప్పగానే సంపాదకుడు నీరుగారిపోయారు. “మరి మంత్రం ఏదండీ?” అన్నారు.

మంత్రం రాళ్ల మీద లేదు, కథల్లో ఉంది. తాయిన్ అనే పాత ఐరిష్ వీరగాథలో కథానాయకుడు కూ హులిన్ ఒంటిచేత్తో కొమ్మను వంచి చుట్టలా చేసి, ఓగం చెక్కి, నిలువురాయికి తగిలిస్తాడు. అలాగే చేయగలిగినవాడు దొరికేదాకా శత్రువైన మేవ్ రాణి సైన్యం అది దాటి ముందుకు పోకూడదు! ఎతాయిన్ కథలో రాజు భార్య ఎతాయిన్‌ను మాయాలోకపు మిదిర్ ఎత్తుకుపోతే, దల్లాన్ అనే ద్రూయిడ్ (ఆనాటి పూజారి) నాలుగు యూ చెట్టు కర్రల మీద ఓగం రాసి ఆవిడ బ్రీ లేత్ గుట్టలో ఉందని కనిపెడతాడు. నన్నడిగితే అది అచ్చమైన డిటెక్టివ్ పని. ఇక 1390 ప్రాంతపు ఐరిష్ రాతప్రతి బుక్ ఆఫ్ బాలీమోట్‌లో ఓగం గురించిన రచన ఒకటుంది. దాని ప్రకారం మొట్టమొదటి ఓగం రాత, పురాణ వీరుడు లుగ్‌కు వెళ్లిన హెచ్చరికట: బర్చ్ కర్ర మీద ఏడు ‘బ’లు. బర్చ్ కాపాడకపోతే నీ భార్యను ఏడుసార్లు మాయాలోకానికి ఎత్తుకుపోతారు అని.

నా కథకు కావలసిన కర్ర దొరికేసింది. ఇక చిక్కుముడి వేయాలి. అందుకు లిపి నియమాలే పనికొచ్చాయి. ఒక్కో ‘బ’కు కుడివైపు ఒకే గీత. మధ్యలో ఎడం సరిగా లేకపోతే ఏడు గీతలు కలిసిపోయి ఐదూ రెండూగా ‘న’, ‘ల’ అయిపోతాయి. కథలో పోలీసు అక్కడే పప్పులో కాలేస్తాడు. అసలు మెలిక వేరే ఉంది. కర్రను తలకిందులు చేస్తే కుడి ఎడమైపోతుంది, ఏడు ‘బ’లు ఏడు ‘హ’లు అవుతాయి. రాళ్ల మీద ‘హ’ అక్షరం కచ్చితంగా దొరికిన దాఖలా లేదు. ఆ సంగతి తెలిసిన పరిశోధక విద్యార్థిని కర్రను తిప్పి చూస్తుంది. ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తే కథ ఎవరు కొంటారు?

చివరికి పని అచ్చువేసే దగ్గర ఆగింది. ఓగం యూనికోడ్‌లోకి 1999లోనే వచ్చింది, కానీ మా పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలు పడ్డాయి. ఫాంట్‌తో కుస్తీ మానేసి ఆ వరుసను బొమ్మగా గీసి పంపాను. అడ్డంగా రాసినప్పుడు ‘బ’ గీత రేఖకు కింద వేలాడుతుంది, ‘హ’ పైన నిలబడుతుంది. పాఠకులు పేజీ తిప్పి తామే చూసుకోవచ్చని నా ఆశ.

మర్నాడే సంపాదకుడి ఫోను. “ట్యాబ్ తిప్పితే మీ బొమ్మ కూడా తిరిగిపోతోందండీ. రొటేషన్ లాక్ చేసుకోమని కింద ఒక ముక్క రాయండి.”