రిపోర్టులో కనబడని వాషరు

పడుకుంటే మళ్ళీ అదే వాదన తలలో తిరుగుతుంది. అందుకే లేచి ఇది రాస్తున్నాను.

మేం నెలనెలా ఎంతో కొంత పంపే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళ వార్షిక నివేదిక ఇవాళ వచ్చింది. నున్నటి కాగితం, నవ్వుతున్న పిల్లల ఫోటోలు. రెండో పేజీ నిండా గుండ్రటి చార్టు. మీరిచ్చిన వందలో తొంభై పైచిలుకు నేరుగా లబ్ధిదారులకే వెళ్తోందిట, మిగిలిన ఆ సన్నటి ముక్క నిర్వహణ ఖర్చుట. అది అన్నయ్యగారి కంట పడింది. ఇక చెప్పాలా.

"చూడమ్మా, ఇవన్నీ కాకిలెక్కలు. జీపులకీ, మీటింగులకీ, విమానం టికెట్లకీ పోగా ఆ పేదవాడి చేతికి చేరేది చిల్లర" అన్నారు. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "ఆ చిల్లర లెక్క మీకెవరు చెప్పారన్నయ్యగారూ?" అన్నాను. వదిన నాకేసి కళ్ళతోనే సైగ చేసింది. మా ఆయన, మామూలే, ఫోన్ మోగకపోయినా ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళిపోయి చాలాసేపైనా చిరాకు తగ్గలేదు. ఎందుకా అని ఆలోచిస్తే తేలిందేమిటంటే, అన్నయ్యగారూ ఆ చార్టూ ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు: ఎంత చేరింది? చార్టు తొంభై అంటుంది, ఆయన పది అంటారు. చేరాక ఏమైందన్నది ఇద్దరికీ అక్కర్లేదు.

నాకు ఆ సర్వే రోజులు గుర్తొచ్చాయి. చదువైపోయిన కొత్తలో కొన్నాళ్ళు అలాంటి ఒక సంస్థకి సర్వేలు చేశాను. వాళ్ళు అంతకుముందు వేయించిన చేతిపంపుల లెక్క చూసుకు రావడం మా పని. ఒకచోట పంపు చుట్టూ సిమెంటు గట్టు, గట్టు మీద దాత పేరుతో నీలం రంగు బోర్డు. అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి. నేను హ్యాండిల్ నొక్కాను. బరువే లేదు. నీళ్ళున్న పంపు చేతికి ఎదురు తిరుగుతుంది. ఇది మాత్రం అట్టే కిందికి పడిపోయి, లోపల ఇనుము ఇనుముకి తగిలి టకటకమని చప్పుడు చేసింది. అక్కడ కూర్చున్న ఒక ముసలావిడ నన్ను చూసి నవ్వింది. "కొట్టు తల్లీ, కొట్టు. వచ్చినోళ్ళంతా ఓసారి కొట్టి చూసే పోతారు" అంది.

పాడైంది లోపలుండే వాషరు. అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువు. నీళ్ళని పైకి లాగేది అదే, వాడకంలో అరిగిపోయేదీ అదే. అది మార్చడానికి పైపులు పైకి తీయాలి, దానికి పనిముట్లు కావాలి, పని తెలిసిన మనిషి కావాలి. వేసినవాళ్ళు వేసేసి వెళ్ళారు, పంచాయతీ మాది కాదంది. ఆవిడ వాళ్ళింటివాళ్ళు పాత చెలమకే మళ్ళీ వెళ్తున్నారు.

ఇక నా చేతిలో ఉన్న ఫారం. అందులో గడి ఇది: "పంపు ఉన్నదా? అవును / కాదు." నీళ్ళు వస్తున్నాయా అన్న గడి లేదు. అవును దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో "నీళ్ళు రావు, వాషరు పోయింది" అని రాశాను. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు గడులే ఎక్కాయి, పక్కన రాసినవి కాగితాల్లోనే ఉండిపోయాయి. ఆ ఏడాది వాళ్ళ రిపోర్టులో ఆ పంపు కూడా నీళ్ళిచ్చే ఉంటుంది.

అసలు మంట ఎక్కడంటే, బోర్డు రాయించిన ఖర్చు "కార్యక్రమం" కింద, అంటే లబ్ధిదారుల వాటాలోకి పోతుంది. ఆర్నెల్లకోసారి వచ్చి చూసే మెకానిక్కుని పెట్టుకుంటే అతని జీతం, బస్సు చార్జీలు "నిర్వహణ" కింద పోవచ్చు. అలా పోతే వాషరు మార్చే సంస్థ చార్టు అందవికారంగా తయారవుతుంది, మార్చని సంస్థ చార్టు అద్దంలా ఉంటుంది. అన్నయ్యగారి లాంటివాళ్ళకి భయపడే కదా వీళ్ళు ఆ ముక్కని అంత సన్నగా కోసి చూపించేది!

పెద్ద పెద్ద దాతలూ ఇలాగే బోల్తా కొట్టారు. ప్లేపంప్ అని ఒకటుండేది, దక్షిణాఫ్రికాలో మొదలైంది. పిల్లలు ఆడుకునే రంగులరాట్నం తిరుగుతుంటే భూమిలోంచి నీళ్ళు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. వినడానికి ఎంత బావుందో! 2006లో అమెరికా ప్రభుత్వం, కొందరు దాతలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010 కల్లా ఆఫ్రికాలో 4,000 పెట్టాలన్నారు. తీరా చూస్తే పిల్లలకి ఆ రాట్నం మొహం మొత్తింది. ఆడవాళ్ళు నడుం వంచి దాన్ని చుట్టూ తోసుకుంటూ నీళ్ళు పట్టుకోవాల్సొచ్చింది. చెడిపోతే బాగుచెయ్యడం మామూలు పంపు కన్నా కష్టం. చెప్పినంత మందికి నీళ్ళందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడుతూనే ఉండాలని ఒక ఇంగ్లీషు పత్రిక లెక్కగట్టింది. ఆ డబ్బంతా "చేరింది" మరి. చార్టులో వేసుకోవచ్చు.

ఇంతవరకూ రాసి, ఇక అన్నయ్యగారికి వంత పాడుతున్నానేమో అనిపించి ఆగాను. లేదు. బాగా చేసినవాళ్ళున్నారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ చేసిన ఓఆర్ఎస్ పని తల్చుకుంటే నాకిప్పటికీ హుషారొస్తుంది. 1980ల్లో విరేచనాలతో పిల్లలు చనిపోతుంటే వీళ్ళు పొట్లాలు పంచలేదు. ఆడవాళ్ళని కార్యకర్తలుగా పెట్టుకుని ఇంటింటికీ పంపారు. చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు. తల్లి చేతే కలిపించేవారు. పదేళ్ళలో కోటికి పైగా ఇళ్ళకి వెళ్ళారు. అన్నిటికన్నా నాకు నచ్చింది జీతం సంగతి. ఎన్ని ఇళ్ళు తిరిగావన్నదాన్ని బట్టి కాదుట. కొన్నాళ్ళ తర్వాత వేరేవాళ్ళు వెళ్ళి కొందరు తల్లుల్ని అడిగేవారు, ఎంత గుర్తుందో దాన్ని బట్టి ఇచ్చేవారు. పైగా, తల్లులకి గుర్తుంటోంది కానీ వాడట్లేదని తేలినప్పుడు ఎందుకని ఆరా తీశారు. ఆ కార్యకర్తల్లోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదు, తమకి విరేచనాలైతే మాత్రలే మింగుతున్నారు! దాంతో ముందు వాళ్ళకి నమ్మకం కలిగించారు, ఊళ్ళో మగవాళ్ళనీ కూర్చోబెట్టి చెప్పారు.

కెన్యాలో పాఠ్యపుస్తకాల కథా అంతే. ఒక డచ్ సంస్థ బడులకి పుస్తకాలిచ్చింది. ఇచ్చిన బడులనీ ఇవ్వని బడులనీ పరిశోధకుల్ని పోల్చి చూడనిచ్చింది కూడా. చూస్తే సగటు మార్కులేం పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలకి మాత్రమే ఉపయోగపడ్డాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష. అదే సంస్థతో కలిసి పిల్లలకి నులిపురుగుల మందిచ్చి చూస్తే బడికి రాని రోజులు తగ్గాయి. ఆ పరిశోధనలు చేసినవాళ్ళలో ఒకరైన మైఖేల్ క్రీమర్‌కి 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో పాటు. "మేమిచ్చింది పని చెయ్యలేదు" అని బయటికి తెలియనిచ్చే ధైర్యం ఎన్ని సంస్థలకుంటుంది? మా ఇంటికొచ్చిన నివేదికలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు, చివరి అట్ట దాకా వెతికాను.

అంచేత, వేసి వెళ్ళిపోకుండా అక్కడే ఉండి వెనక్కి తిరిగి చూసేవాళ్ళకే ఇవ్వాలి అని రాసి పడుకుందామనుకున్నాను.

హైతీ గుర్తొచ్చింది. 2010 భూకంపానికి ముందే ఆ దేశానికి "ఎన్జీవోల రిపబ్లిక్", అంటే స్వచ్ఛంద సంస్థల రాజ్యం అని పేరు. దవాఖానాల్లాంటివి చాలా బయటి సంస్థలే నడిపేవి. వెళ్ళిపోలేదు వాళ్ళు, ఏళ్ళ తరబడి ఉన్నారు. భూకంపం తర్వాత అత్యవసర సాయం కుప్పలుగా వచ్చిపడితే అందులో హైతీ ప్రభుత్వం చేతికొచ్చింది నూటికి ఒకటి దాకానే. అవినీతి అన్నారు, చేతకాదన్నారు. నిజమే కావచ్చు. కానీ డబ్బూ పనీ రెండూ పక్కనించి పోతుంటే చేతనవడం ఎప్పుడు నేర్చుకుంటుంది? ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుకి రెట్టింపు జీతమిచ్చి సంస్థ తీసుకుపోతే, సంస్థ క్లినిక్ ముందు క్యూ పెరుగుతుంది, ఆసుపత్రిలో ఆ కుర్చీ ఖాళీ. సంస్థ రిపోర్టులో ఆ క్యూ విజయం. ఆ కుర్చీ ఎవరి రిపోర్టులోనూ ఉండదు.

మరైతే ఉండాలా, వెళ్ళాలా? ఉప్పూ బెల్లం కలపడం ఒకసారి తల్లికి వస్తే ఆమెతోనే ఉంటుంది, కూతురికీ చెబుతుంది. నేర్పినవాళ్ళు వెళ్ళిపోయినా ఫరవాలేదు. వాషరు అలా కాదు, అది అరుగుతూనే ఉంటుంది. నర్సు జీతమూ అంతే, ప్రతి నెలా ఎవరో ఇవ్వాలి. ఆ ఎవరో ఎప్పటికీ దూరదేశపు దాత కాలేడు. ఇది అన్నయ్యగారితో అనుంటే బావుండేది, కానీ ఆయన మధ్యలోనే క్రికెట్‌లోకి వెళ్ళిపోయేవారు.

సంస్థకి మెయిల్ రాశాను ఇందాక. చార్టు ఊసెత్తలేదు. ఐదేళ్ళ కిందట మీరు వేసిన వాటిలో ఇవాళ ఎన్ని పని చేస్తున్నాయి, ఎవరు వెళ్ళి చూశారు, పాడైతే బాగుచేసే మనిషికి జీతం ఎవరిస్తున్నారు అని అడిగాను. మా ఆయన భుజం మీంచి చదివి, "థాంక్యూ ఫర్ యువర్ సపోర్ట్ అని జవాబొస్తుంది చూడు" అన్నారు. రావచ్చు. వచ్చే నెల డబ్బు ఈలోపే కట్ అవుతుంది. ఆపాలా అంటే, ఆపబుద్ధి కావట్లేదు.