చెరువు సంగతి తేలింది, ఫీడ్ సంగతి తేలలేదు

2024 ఆగస్టు 24, శనివారం. మాదాపూర్‌లో నటుడు నాగార్జునకు చెందిన ఫంక్షన్ హాలు ఎన్ కన్వెన్షన్‌ను కూలుస్తున్న వీడియో ఫోన్‌లో చూశాను. ఇంకోసారైతే చూసి వదిలేసేదాన్నేమో. కానీ ఎల్బీ నగర్ వైపు మేం లోన్ పెట్టి కొన్న ఫ్లాట్ వెనకే ఓ చెరువుంది. చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా జులైలో ఏర్పాటైనప్పటి నుంచీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఏమీ కట్టకూడని జాగా) తప్ప ఇంకో ముచ్చట లేదు. అందుకని ఆ వీడియో మళ్లీ చూశాను. మా ఆయనకు పంపాను. కింద కామెంట్లన్నీ చదివాను.

అంతే, నా ఫోన్‌లోకి జేసీబీలు దిగాయి.

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేసరికి దాదాపు గంట. ఆ గంటసేపూ ఫీడ్‌లో, అంటే యాప్ తనంతట తానే చూపించే వీడియోల్లో, గోడలు పడుతూనే ఉండేవి. సామాన్లు రోడ్డు మీద పెట్టుకుని ఏడుస్తున్న వాళ్లు. "మీ ఫ్లాట్ సేఫేనా?" అని కెమెరాకు వేలు చూపిస్తూ అడిగే కుర్రాళ్లు. ఎప్పటిదో, ఏ ఊరిదో తెలియని కూల్చివేతకు భయంకరమైన మ్యూజిక్ తగిలించి వదిలినవి మరికొన్ని. ఇష్టపడి చూశానా అంటే లేదు. మరి చూడకుండా ఉన్నానా అంటే, అదీ లేదు.

చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో ఉంటాయని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. సేల్ డీడ్ తీసి, సర్వే నంబరు పట్టుకుని ఓ ఆదివారమంతా కూర్చున్నాం. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. మాది ఆ 30 మీటర్లకు కూడా చాలా అవతల ఉంది. నమ్మకం చాలక తెలిసిన సర్వేయర్‌ను పిలిచి కొలిపించాం. ఆయనా అదే చెప్పాడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టాలి కదా. పదకొండింటికి ఫోన్ తీస్తే మళ్లీ జేసీబీ. మా ఇంటికేం కాదని తేలినా గుండె దడ మాత్రం తగ్గలేదు.

ఒళ్లు మండి రెండు మూడు చోట్ల "ఇలాంటివి పెట్టి జనాన్ని బెదరగొట్టకండి" అని కామెంట్ రాశాను. మర్నాటికి అవే ఇంకా ఎక్కువయ్యాయి.

దసరా సెలవులకు మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. నా ఫోన్ తీసుకుని నాలుగుసార్లు పైకి తోసి నవ్వాడు. "ఏంది అత్తా, నీ ఫోన్ నిండా ఇండ్లు కూలగొట్టుడేనా?" నేను కామెంట్ల సంగతి చెప్పాను. "తిట్టినా పొగిడినా యాప్‌కి ఒకటే అత్తా. నువ్వు ఎంతసేపు ఆగినవో అదే లెక్క" అన్నాడు.

వాడే దగ్గర కూర్చుని చేయించాడు. ఒక్కో వీడియో మీద నొక్కి పట్టి 'నాట్ ఇంట్రెస్టెడ్'. ఇలా ఓ వారం చేశాను, పెద్దగా తేడా రాలేదు. ఆ తర్వాత ఆ పేజీలనే బ్లాక్ చేయడం మొదలుపెడితే అప్పుడు తగ్గాయి. 2022లో మొజిల్లా సంస్థ యూట్యూబ్ మీద చేసిన అధ్యయనం గురించి ఈ మధ్య చదివాను. 20 వేల మందికి పైగా వాలంటీర్లతో చూస్తే, 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కినందుకు వద్దనుకున్న సిఫార్సుల్లో 11 శాతమే ఆగాయట, డిస్‌లైక్‌తో 12 శాతం. 'ఈ ఛానల్ చూపించొద్దు' అన్నదానికి మాత్రం 43. నేను వాడేది వేరే యాప్. అయినా నాకు జరిగిందీ ఇంచుమించు అదే.

సెర్చ్ హిస్టరీ చెరిపేశాను. 'కూల్చివేత', 'హైడ్రా', 'బఫర్' అన్న మాటలు దాచే లిస్టులో వేశాను. వీటన్నిటికన్నా కష్టమైంది నా బొటనవేలిని ఆగకుండా తోయించడం. పొక్లెయిన్ కనపడగానే వేలు దానంతటదే ఆగిపోయేది. అలవాటు పోవడానికి నెల పట్టింది.

మధ్యలో కొన్నాళ్లు షాద్‌నగర్ ఓపెన్ ప్లాట్లు వచ్చాయి, గజం ఇంత అంటూ. సర్వే నంబర్లు వెతికాను కదా, నేను స్థలం కొనే మనిషిననుకున్నట్టుంది. వాటిని తోసేయడానికి కష్టపడలేదు, చేతిలో డబ్బులుంటేగా! ఇప్పుడు పచ్చళ్లు నడుస్తున్నాయి. ఒకావిడ వెల్లుల్లి పొట్టు ఎలా తీయాలో చూపించింది, పాపం పూర్తిగా చూశాను. అప్పటి నుంచి రాష్ట్రంలోని వెల్లుల్లంతా నా ఫోన్‌లోనే ఒలుస్తున్నారు. మా అత్తగారికి మాత్రం తెగ నచ్చింది, సాయంత్రం పూట ఫోన్ ఆవిడ దగ్గరే ఉంటోంది.

మా ఆయన ఫోన్‌లో మాత్రం ఇప్పటికీ జేసీబీలే. అప్పట్లో రోజుకు పది పంపేదాన్ని, ఒక్కటీ వదలకుండా చూసేవారు.