శంకుస్థాపన రాయి పక్కన పులిహోర

మొన్న అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సవానా వెళ్ళొచ్చాం. 1733లో ఆ ఊరు స్థాపించిన ఆంగ్లేయుడు ఓగల్‌థార్ప్ గళ్ళ నోటుబుక్కులా గీయించిన ఊరు. నాలుగడుగులేస్తే చాలు, చెట్లతో ఓ స్క్వేర్, అంటే చిన్న పార్కు. మొత్తం 24 ఉండేవి, ఇప్పుడు 22.

అన్నిటికంటే పాతది జాన్సన్ స్క్వేర్. మధ్యలో తెల్లటి స్తంభం, 1825లో ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ శంకుస్థాపన చేసింది. దాని ఎదురుగా బెంచీ మీద హాయిగా పులిహోర డబ్బా తెరిచా. మా అమ్మాయి ఫోన్లో చూసి, "నాన్నా, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాని జనరల్ గ్రీన్‌ని దాని కిందే పాతిపెట్టారట, 1902లో తెచ్చి!" అంది. ముద్ద గొంతులోనే ఆగిపోయింది. సమాధి ముందా పిక్నిక్?

గబగబా ఇంకో బెంచీకి మారాం. పైన ఓక్ కొమ్మలకి ముసలాయన గడ్డంలా నాచు వేలాడుతోంది (నాచు కాదట, అనాస కుటుంబమట). అందులోంచి ఓ పోగు పులిహోరలో పడింది. తీసేసి తినేశా.