రెండు నిమిషాల గాజు పలక

"మావాడు అమెరికాలో కోళ్ల డాక్టరు" అని మామయ్య కొరిటెపాడులో వీధంతా చాటాడు. పండక్కి వచ్చిన నాకు ఆ మాట సరిదిద్దే ధైర్యం లేకపోయింది. గన్నవరంలో పశువైద్యం చదివిన మాట నిజమే. కానీ బయటి పట్టాతో వెళ్లినవాడు అక్కడి పరీక్షలన్నీ గట్టెక్కితే తప్ప వైద్యం చేయడానికి వీల్లేదు. ఆ ఖర్చూ, ఆ ఏళ్లూ లెక్కేసుకుని నేను మధ్యలోనే ఆగిపోయాను. నా మెడలో వేలాడే కార్డు మీద ఉన్నది 'టెస్టర్' అని మాత్రమే. సెలవు రోజుల్లో కోళ్ల ప్రదర్శనలకు వెళ్లి, లోపలికి వచ్చే పక్షుల రక్తం చూసి పంపడం నా పని.

"పందెం లేకుండా అన్ని కోళ్లు తెచ్చి ఏం చేస్తారురా?" అన్నాడు మామయ్య.

"చూస్తారు మామయ్యా."

అక్కడ కోడిపందెం ఏ రాష్ట్రంలోనూ కుదరదు, ఆఖరిగా లూసియానా కూడా 2008లో నిషేధించింది. అందం మాత్రం గట్టి పోటీ. ముందు రోజే కోడికి తలంటి, ఆరబెట్టి, తురాయికీ కాళ్లకూ నూనె రాసి తెస్తారు. న్యాయనిర్ణేత బోను తలుపు తీసి, అరచెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి కోడిని బయటికి తీస్తాడు. మళ్లీ పెట్టేటప్పుడు తల ముందు లోపలికి వెళ్లాలి, లేకపోతే ఈక విరుగుతుంది. 1873లో పుట్టిన అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ఏ జాతి ఎలా ఉండాలో రాసిపెట్టింది. మన అసీలు 1981లో ఆ జాబితాకెక్కింది. పుంజు బరువు అయిదున్నర పౌండ్లు, అంటే దాదాపు రెండున్నర కిలోలు అనగానే మామయ్య పకపకా నవ్వాడు. ఆయన లెక్కలో అది పెట్ట బరువు.

ఆ అందమంతా నా బల్ల దాటాకే. రెక్క ఎత్తి, లోపలి నూగు తడిపి పక్కకు తీస్తే నీలం నరం కనబడుతుంది. సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద ఊదారంగు మందు చుక్కతో కలిపి, పలకను అటూ ఇటూ వంచుతూ రెండు నిమిషాలు చూడాలి. చుక్క నున్నగా ఉంటే కోడి లోపలికి. విరిగిన పాలలా గడ్డలు కడితే పుల్లోరం అనుమానం. మన రైతులు తెల్ల పారుడు అనేది అదే. ఒకప్పుడు అక్కడ పొదిగిన పిల్లల్లో 80 శాతం దాకా దానికే పోయేవట. అందుకే 1935లో దేశమంతటికీ ఒక పరీక్షల పథకం పెట్టారు. చాలాచోట్ల 90 రోజుల లోపు చేయించిన పరీక్ష కాగితం లేనిదే గుమ్మం దాటనివ్వరు.

ఒక చలికాలం పొద్దున్నే తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ల కిందట అక్కడ స్థిరపడిన పెద్దాయన ఒకరు అసీలు పుంజుతో వచ్చారు. నలుపూ ఎరుపూ కలిసిన ఈకలతో అచ్చమైన కాకి డేగ. కాగితం గడువు దాటింది, అయినా బల్ల దగ్గరే పరీక్ష చేయొచ్చు. నా యాస వినగానే "మీది ఏ ఊరు బాబూ?" అన్నారు. గుంటూరు అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. నేను సూది గుచ్చాను.

మొదటి నిమిషం చుక్క నున్నగానే ఉంది. తర్వాత అంచున చిన్న గింజలు. ఆ షెడ్డులో చలికి పలక మంచుముక్కలా ఉంది, చల్లటి పలక మీద ఫలితం మోసం చేయవచ్చని నాకు తెలుసు. పలకను వెచ్చబరిచి మళ్లీ చేశాను. మళ్లీ గింజలే.

"ఒక్క చుక్కకేనా బాబూ? మనూరివాడివి" అన్నారాయన మెల్లగా. నేను తలెత్తకుండా కాగితం నింపాను. అలాంటి కోడి వెనక్కి వెళ్లి విడిగా ఉండాలి, రక్తం ల్యాబుకు వెళ్లాలి. అక్కడా అనుమానం మిగిలితే కోడిని కోసి చూడటమే. ఆయన ఏమీ అనకుండా పుంజును చంకలో పెట్టుకుని కారు వైపు నడిచారు.

ల్యాబులో ఏమీ లేదని తేలింది. అలాంటి తప్పుడు గడ్డలు అప్పుడప్పుడూ వస్తాయి, పరీక్ష చేసేవాళ్లందరికీ తెలిసినదే. నేను ఫోను చేశాను. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేయలేదు.

ఇది విని మామయ్య కాసేపు మాట్లాడలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు ఆయన కూడా సొంత బావమరిది తెచ్చిన కోడిని పెరట్లోకి రానివ్వలేదు. ఆ కోపం ఆ ఇంట్లో ఇంకా పూర్తిగా పోలేదు.

"నువ్వు చేసింది తప్పు కాదులే. ఇంటికి వెళ్లి కనిపించావా?"

"లేదు మామయ్యా. అక్కడ అలా ఎవరి ఇంటికీ..."

"తెనాలాయన ఇంటికేగా?"

నా దగ్గర జవాబు లేదు. మామయ్య జామచెట్టుకు కట్టిన పుంజును విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "సరే, ఆ నరం ఎక్కడుంటుందో చూపించు" అంటూ రెక్క ఎత్తాడు. చెంబులో వేళ్లు ముంచి, నూగు పక్కకు తీశాను. పుంజు కదలకుండా ఒక కంటితో నన్నే చూస్తోంది.