సందు మొగలో ఆ కారు

పడుకున్నాను గానీ నిద్ర పట్టడం లేదు. తలస్నానం చేసినా జుట్టుకి పొగ వాసన పోలేదు. అత్తయ్య బీపీ మాత్ర వేసుకుని పడుకున్నారు. చిన్నది నా మంచం మీదే పడుకుంటానని పట్టుబట్టి పడుకుంది. ఈయన ఇంకా పక్కింటి అరుగు మీదే ఉన్నారు, ఆ తాతగారిని ఒంటరిగా వదలలేక.

చెవిలో ఒక్క మాట తిరుగుతోంది. "ఆంటీ, కొంచెం పక్కకి జరగండి, కనిపించట్లేదు."

అప్పుడు నా చేతిలో నీళ్ల బకెట్ ఉంది. పక్కింటి వంటింట్లోంచి నల్లటి పొగ వస్తోంది. పై వీధి కుర్రాడు, ఇంటర్ చదువుతున్నాడేమో, ఫోన్ ఎత్తి పట్టుకుని నాతో అన్న మాట అది. నేను జరగలేదు. బకెట్ లోపలికి అందించి, వాడి వైపు ఒక్క చూపు చూశాను. వాడు దాన్ని కూడా తీసే ఉంటాడు.

జరిగింది ఇది. సాయంత్రం దీపం వేళ, పక్కింటి కోడలు పూరీలు వేయిస్తోంది. గ్యాస్ ట్యూబు ఎక్కడో పగిలి ఉంది. మంట పొయ్యి దగ్గర్నుంచి ట్యూబు మీదుగా సిలిండర్ వైపు పాకింది. ఆ పిల్ల పొయ్యి కట్టెయ్యబోయి చెయ్యి కాల్చుకుంది. ఆమె అరుపుకే నేను లేచాను. మా ఇళ్లు మీకు తెలుసుగా, నేతగాళ్ల ఇళ్లు, రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. వీధి అరుగు, మగ్గం ఉన్న హాలు, వంటిల్లు, చివర ఒక గది, ఆ వెనక పెరడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పిల్లలిద్దరూ చివరి గదిలో హోంవర్క్ చేసుకుంటున్నారు. వీధిలోకి రావాలంటే మండుతున్న వంటిల్లు దాటాలి.

మా చివరి గదికీ వాళ్ల చివరి గదికీ మధ్య ఒక చెక్క తలుపు ఉంది. గడియ తీసి పిల్లల్ని ఇటు లాగేశాను. నా వంతు పని ఒక్క నిమిషంలో అయిపోయింది. మళ్లీ తలుపు మూసి గడియ పెట్టి, కింద సందులో తడి దుప్పటి కుక్కి, పొగ మా వైపు రాకుండా చూసి వీధిలోకి పరిగెత్తాను.

ఆ తలుపు గురించి ఇదివరకు ఎప్పుడో రాశానో లేదో గుర్తు లేదు. ఒకప్పుడు రెండిళ్లూ అన్నదమ్ములవేనట. పంపకాల్లో దారిని ఒంటి ఇటుకతో కట్టేశారు. తర్వాత ఆ వాటా చేతులు మారి తాతగారి వాళ్లకి వచ్చింది. నేను కాపురానికి వచ్చేసరికి అక్కడ దారి ఉండేదన్న గుర్తు కూడా లేదు, సున్నం కొట్టిన గోడంతే.

2013 అక్టోబర్ 12. ఫైలిన్ తుఫాను. దుర్గాష్టమి రోజు. పందిళ్లకి లైట్లు కూడా కట్టేశారు. రెండు రోజుల ముందు నుంచే టీవీలో, మైకుల్లో చెబుతూనే ఉన్నారు. గోపాల్‌పూర్ ఒడ్డున ఉన్నవాళ్లని, పాకల్లో ఉన్నవాళ్లని బస్సుల్లో ఎక్కించి షెల్టర్లకి పంపేశారు. ఒడిశా మొత్తం మీద పది లక్షల మంది దాకా ఇళ్లు వదిలారు. మేం బరంపురం ఊళ్లోనే కదా, పక్కా ఇల్లే కదా అని ఉండిపోయాం. మధ్యాహ్నానికే గాలి మొదలైంది. చీకటి పడేసరికి కరెంటు పోయింది. రాత్రి తొమ్మిది ప్రాంతంలో గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటిందని ఆ తర్వాత తెలిసింది, గంటకి 200 కిలోమీటర్ల గాలి. ఆ వేళ మాకేం తెలుసు? ఆ చప్పుడొక్కటే తెలుసు. గాలి చప్పుడు కాదది. ఏదో పెద్దది ఇంటిని పట్టుకుని ఊపుతున్నట్టు. మా పెద్దమ్మాయి అప్పటికి చిన్నపిల్ల, చెవులు మూసుకుని నా ఒళ్లో ముడుచుకుపోయింది.

అప్పుడు గోడ మీద ఎవరో కొడుతున్నట్టు వినిపించింది. ముందు గాలికేమో అనుకున్నాం. మావయ్యగారు గోడకి చెవి పెట్టి, "పక్కవాళ్లు" అన్నారు. వాళ్ల హాలు మీద పెంకులు మొత్తం లేచిపోయాయి. మగ్గం తడిసిపోయింది. ఇంటిల్లిపాదీ చివరి గదిలోకి వచ్చి పడ్డారు, దాని పైకప్పూ కదులుతోంది. వీధిలోకి వస్తే రేకులు ఎగిరొచ్చి పీక తెగుతుంది. మావయ్యగారు గునపం తీశారు. ఇటు నుంచి ఆయన, అటు నుంచి వాళ్లు. ఒంటి ఇటుక గోడ కాబట్టి సరిపోయింది. ఆ కన్నంలోంచి మొదట పిల్లలు వచ్చారు, తర్వాత తాతగారి భార్య, ఆవిడ తర్వాత పట్టునూలు మూటలు, మూట వెనక మూట. అన్నిటికంటే ఆఖర్న తాతగారు. నూలు తడవకుండా తన పంచె విప్పి చుట్టారు. మావయ్యగారు తన లుంగీ ఇచ్చారు. ఆ రాత్రి అంతా మా ఇంట్లో మనిషి మీద మనిషి కూర్చున్నాం. అత్తయ్య కిరోసిన్ స్టవ్ మీద ఉప్మా చేస్తే ఒక్కొక్కరికి రెండు ముద్దలు.

ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. మోటార్లు తిరగవు, నీళ్లు లేవు. బోరింగు దగ్గర లైన్లు. జనరేటర్ ఉన్న షాపులో డబ్బులిచ్చి ఫోన్ ఛార్జింగ్. కొవ్వొత్తి రేటు చూస్తే కళ్లు తిరిగేవి. కానీ మనుషులు బతికారు. 1999లో సూపర్ సైక్లోన్‌కి పదివేల మంది దాకా పోయారు, 2013లో పదుల్లోనే ఆగింది. అత్తయ్య ఎప్పుడూ అంటారు, 1999 అనగానే అందరూ అక్టోబర్ ఆఖర్న పారాదీప్ వైపు వచ్చినదే తలుచుకుంటారు, అదే నెల మధ్యలో మన మీద పడిన తుఫాను ఎవరికీ గుర్తు లేదని. ఆవిడకి అది ఇప్పటికీ బాధే.

ఫైలిన్ తర్వాత ఆ కన్నాన్ని ఇటుకతో మూసేద్దామన్నారు ఎవరో. మావయ్యగారు ఒప్పుకోలేదు. చెక్క తలుపు పెట్టించి, రెండు వైపులా గడియలు పెట్టించారు. ఈమధ్య ఈయన అక్కడ బీరువా పెట్టిద్దామంటున్నారు. ఇవాళ పిల్లలిద్దరూ దాంట్లోంచి వచ్చాక ఆయన ఆ మాట ఎత్తలేదు.

మంట ఎలా ఆగిందంటే, సందు చివర ఆటో పెట్టుకునే అబ్బాయి తడి గోనెసంచి చేతికి చుట్టుకుని లోపలికి వెళ్లి రెగ్యులేటర్ తిప్పేశాడు. గ్యాస్ మంట అక్కడితో ఆగింది. కానీ అప్పటికే అటక అంటుకుంది. అటక మీద పడుగుల కోసం తెచ్చి పెట్టుకున్న నూలు, రంగులేసినది. పెళ్లిళ్ల సీజన్‌కని అప్పు చేసి తెచ్చినది.

ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది మా చిన్నది. మేమందరం ఎవరో ఒకరు చేసే ఉంటారనుకున్నాం. అది మాత్రం అరుగు మీద నిలబడి 101 కొట్టి, వాళ్లు "దగ్గర్లో ఏముంది" అని అడిగితే తడబడకుండా ఒడియాలో గుడి పేరు, బ్యాంకు పేరు, ఎటు నుంచి రావాలో చెప్పింది. ఏప్రిల్‌లో స్కూల్‌కి ఫైర్ వాళ్లు వచ్చి నేర్పారట. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన ఫైర్‌మెన్‌ల జ్ఞాపకార్థం ఆ వారం జరుపుతారని కూడా అదే చెప్పింది. నా బంగారు తల్లి.

బండి తొందరగానే వచ్చింది. "దమకళ, దమకళ" అని పిల్లలు అరుస్తున్నారు, ఒడియాలో ఫైరింజన్‌ని అలాగే అంటారు. వచ్చి సందు మొగలో ఆగిపోయింది.

అక్కడ కారు ఉంది. ఎవరిదో ఈ సందులో అందరికీ తెలుసు. నేను పేరు రాయను. ఆయన ఇంటి ముందు చోటు లేక కాదు, ఇంటి ముందు పెడితే గీతలు పడతాయని సందు మొగలో పెడతారు. దాని పక్కన, ఆ కారు ఉంది కదా అని, మూడు నాలుగు బైకులు. తాళం ఎవరి దగ్గరుందో తెలియదు, ఆయన ఫోన్ ఎత్తరు. ఫైర్ వాళ్లు పాపం పైపులు ఒకదానికొకటి తగిలించుకుంటూ సందంతా పరిగెత్తారు. అంత దూరం పైపు పరిచి, నీళ్లు వదిలేసరికి అటక మొత్తం పోయింది. మగ్గం మీద సగం నేసిన ఫోడకుంభం (గుడి గోపురాల్లాంటి) అంచు చీర మాత్రం మిగిలింది, మసీ నీళ్లూ పట్టి. తాతగారు దాన్ని చేత్తో తడుముతూ కూర్చున్నారు.

కారాయన వచ్చారు, అన్నీ అయిపోయాక. కారు చుట్టూ తిరిగి చూసుకున్నారు. ఒక్కరు కూడా ఏమీ అనలేదు. ఠకురాణి యాత్రకి, అంటే మా అమ్మవారి జాతరకి, పెద్ద చందా ఇచ్చే మనిషి, పిల్లల కాలేజీ సీట్లకి మాట సాయం చేసే మనిషి. అందరూ నమస్కారం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నిజానికి ఇది మొదలుపెట్టినప్పుడు ఫోన్ కుర్రాడిని తిడదామని కూర్చున్నాను. రాస్తుంటే వాడి మీద కోపం తగ్గిపోయింది. సైరన్ వినిపిస్తే నేనూ కిటికీ దగ్గరికి వెళ్తాను. ఫైలిన్ అప్పుడు చేతిలో ఇలాంటి ఫోన్ ఉంటే ఆ కన్నంలోంచి వస్తున్నవాళ్లని ఎవరో ఒకరు తీసే ఉండేవాళ్లు, ఇవాళ చూసుకునేవాళ్లం. ఫైర్ ఆయన "హటో" అనగానే ఆ కుర్రాడు గోడకి అంటుకుని నిలబడ్డాడు. తర్వాత పైపు మెలిపడితే ఫోన్ జేబులో పెట్టుకుని సర్దాడు కూడా. మనిషి కదా, చెబితే కదులుతాడు. ఆ కారు కదల్లేదు.

సందు వెడల్పు చెయ్యాలి అంటున్నారు కొందరు, ఇవాళ మంట చూశాక మరీ. నేనూ బకెట్ మోస్తున్నప్పుడు అదే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. వెడల్పు చేస్తే మొదట పోయేవి అరుగులు, తర్వాత మగ్గాలు. ఆ వచ్చిన చోటులో కూడా కార్లే నిలబడతాయి. గోడ ఒకటే కాబట్టి మంట పక్కింటికి పాకుతుంది, నిజమే. గోడ ఒకటే కాబట్టే ఆ పిల్లలు ఇవాళ మా ఇంట్లోకి వచ్చారు. నాకు ఈ సందు ఇలాగే కావాలి. మొగ మాత్రం ఖాళీగా ఉండాలి.

అది కుదరని పనేమీ కాదు. యాత్ర నెలలో రాత్రి అమ్మవారి ఘటం వస్తుందంటే సందులో ఒక్క బండి కనిపించదు. సాయంత్రానికల్లా ఎవరికి వాళ్లు తీసేస్తారు, ఆ పెద్దాయనతో సహా. ఎవరూ అడగరు, ఎవరూ పోట్లాడరు. రెండేళ్లకోసారి అమ్మవారి కోసం తీసేది రోజూ మనుషుల కోసం తియ్యలేమా?

కోడలి సంగతి రాయలేదు. చెయ్యి మణికట్టు పైదాకా బొబ్బలెక్కింది. ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు, ఒకావిడ పసుపు. రెండూ వద్దని పెరట్లో కుళాయి కింద ఇరవై నిమిషాలు చెయ్యి పట్టించి, గాజులు, ఉంగరం వాపు రాకముందే తీసేసి, శుభ్రమైన బట్ట వదులుగా కప్పి, అదే ఆటోలో మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పంపాం. పేస్టు రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది, డాక్టర్‌కి పుండు కనపడదు. చదివేవాళ్లు ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి. ఇప్పుడే ఈయన మెసేజ్ పెట్టారు, భయం లేదన్నారట, పొద్దున్న డ్రెస్సింగ్ మార్చి పంపిస్తారట. ఆ పిల్ల అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి, "అక్కా, పిల్లలు తిన్నారా?" అంది. తిన్నారు. పెరుగన్నం తిని పడుకున్నారు.

వంటింట్లోకి వెళ్లి మా ట్యూబు చూసొచ్చాను. దాని మీద ముద్రించిన తేదీ చదవండి, ఐదేళ్లకి మార్చాలి. వాసన వస్తే ముందు రెగ్యులేటర్ కట్టెయ్యండి, లైటు స్విచ్ ముట్టుకోవద్దు, తలుపులు తెరవండి, బయటికొచ్చి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చెయ్యండి. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే సరిపోదు.

పొద్దున్న ఆ పెద్దాయన ఇంటికి వెళ్తున్నాను. ఈయన "ఇప్పుడొద్దు, నాలుగు రోజులు పోనీ" అన్నారు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు, నూలుకి అప్పు ఇచ్చినవాడు తప్ప. ముందు మర్యాదగానే అడుగుతాను. వినకపోతే సందులో అందరి సంతకాలతో కార్పొరేషన్‌లో, ట్రాఫిక్ పోలీసు దగ్గర కాగితం ఇస్తాను. మొదటి సంతకం నాది. అత్తయ్య కూడా వస్తానన్నారు. ఆయనకి ఆవిడ వరసకి అక్క అవుతారు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిందట. ఆవిడ ఎదురుగా కూర్చుంటే తాళం ఎక్కడుందో చెప్పక తప్పదు.